పండక్కి ముందు తిన్న ఆకు

"ఆకు ఎవరు తెచ్చిచ్చారో చెప్పు. నీ తప్పు సగమైపోతుంది."

పాహన్ సనికా గొంతు పెంచలేదు. ఊరి పూజారి ఆయన. గొంతు పెంచాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.

ఆటలూ పంచాయితీలూ జరిగే అఖ్రా బయల్లో ఊరంతా కూచుంది. నడుమ రైమునీ, నిండు కడుపుతో. ఆమె ముందు, కూరకు వండే కొయినార్ చిగురు కాడలు గుప్పెడు పడున్నాయి. ఆమె ఇంటి వెనక చెత్తకుప్పలో దొరికినవే.

సర్హూల్ పండగ ఇంకా రాలేదు. పాహన్ సాలపూలతో పూజ చేయనిదే కొత్త చిగురు నోట పెట్టకూడదు. పెడితే వాన ముఖం చాటేస్తుందని ముండా తెగ ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఈ యేడు సాల పూత ఆలస్యమైంది. కొయినార్ ముందే చిగురేసింది. చెట్లకేం, కడుపుతో ఉన్నవాళ్ల గోడు వాటికి పట్టదు.

రైమునీ ఒంట్లో రక్తం లేదు. కింది రెప్ప లాగి చూసి నర్సు భయపడింది. మింగిన బిళ్ల మింగినట్టే బయటికి వస్తోందంటే తల పట్టుకుంది.

"అయితే కొయినార్ ఆకైనా తినవే. ఇనుమంతా అందులోనే ఉంది. ఇట్లాగే ఉంటే కాన్పులో నువ్వు దక్కవు" అని చెప్పి పోయింది.

ఆ తర్వాత తెల్లవారకముందే గుమ్మం దగ్గర మోదుగాకు దొన్నెలో చిగురు కనిపించేది. మొదటిసారి తలుపు చప్పుడుకు లేచి, రైమునీ భయంతో వద్దంది.

"తిను. కడుపుతో ఉన్నదాన్ని అడవి తప్పు పట్టదు. మాటొస్తే నేనున్నా" అని జవాబు వచ్చింది.

ఆ మాట నమ్మే ఆమె గంజిలో ఆకు ఉడకేసుకుని తాగింది. ముఖంలోకి కాస్త రంగు కూడా వచ్చింది.

కుండకు మూత పెట్టొచ్చు గానీ లోకుల నోటికి పెట్టలేం. ఇప్పుడు అందరి చూపూ పొరుగింటి జౌనీ మీదికే పోయింది. రైమునీ మొగుడు ఇటుక బట్టీలకు పోయినప్పటి నుంచి ఆమె మంచీచెడూ చూసేది జౌనీయే.

"నా పిల్లల మీద ఒట్టు, నేను కాదు!" జౌనీ లేచి అరిచింది. "దాని వాకిలి ఊడ్చిన పాపానికి నా మీద పడతారేం?"

"ఊడ్చేటప్పుడు కాడలు కనబడలేదా తల్లీ?" అన్నాడొక ముసలాయన. నవ్వులు లేచాయి.

"జౌనీ అక్క కాదు" అంది రైమునీ.

"మరెవరు?" అన్నాడు పాహన్.

రైమునీ తలెత్తింది. మాటొస్తే నేనున్నానన్న నోరు అక్కడే ఉంది. ఆ ఒక్క మాట కోసం చూసింది. రాలేదు.

"చెప్పమంటావా, పాహన్ మావా?"

పాహన్ చూపు కాడల మీదికి దించాడు. "చెప్పేదానివైతే ఈపాటికి చెప్పేదానివే" అన్నాడు. ఆ తర్వాత తీర్పు వినిపించాడు. "పండగనాడు ఇంటింటి చూరుకూ నేను పెట్టే సాలపువ్వు ఈ యేడు ఆ ఇంటికి లేదు. వానలు పడేదాకా ఆ ఇంటి మనిషి అడవిలో ఆకు దూయకూడదు. ఇంకొకరు ఇవ్వనూ కూడదు."

వానలకు ముందే కాన్పు. ఆ సంగతి అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. ఒక్కొక్కరే చీర దులుపుకుని లేచారు.

రైమునీకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఇవాళ తెలిసింది. జౌనీ భుజం పట్టి ఇంటికి నడిపించింది.

"పిచ్చిదానా, ఎవర్నే కాస్తున్నావు? రేపు నీకేమన్నా అయితే, ఆ పిరికిగొడ్డు వచ్చి బిడ్డను సాకుతుందా?"

రైమునీ పైట కడుపు మీదికి లాక్కుని నడిచింది.

"పద, పాహన్ మావ దగ్గరికే పోదాం. పైకి అట్లా ఉంటాడు గానీ ఆయన మనసు వెన్న. ఆ పేరేదో ఆయన చెవిన వేశావంటే తీర్పు మార్చేస్తాడు."

"ఆయన పేరు ఆయనకే చెప్పమంటావా, అక్కా?"