తిన్నగా ఉన్న ఫోటో

నా ఫోను లారీ చక్రం కింద పడి నుజ్జునుజ్జయింది.

"ఫికర్ చెయ్యకక్కా, బావ ఫోటోలన్నీ బ్యాకప్‌లో ఉంటయ్," అంటూ ల్యాప్‌టాప్ తెరిచాడు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ వెలగబెట్టే మా బావమరిది జశ్వంత్. ఫోటో స్టూడియో మూసేలోగా నా మొహం తిన్నగా ఉన్న ఫోటో ఒక్కటైనా కావాలి మా ఆవిడ ఉమాశ్రీకి.

ఫోటోలకేం, వేలున్నాయి. కేబుల్ బ్రిడ్జి మీద నాలుక బయటపెట్టాను. గృహప్రవేశంలో పంతులుగారి పక్కన మెల్లకన్ను పెట్టాను. ఆధార్ ఫోటోకే బుగ్గలు పూరించబోయిన ఘనుణ్ణి మరి!

"ఒక్కటీ మనిషి మొహంలా లేదేంట్రా?"

"తిన్నగా వచ్చినవి బావే డిలీట్ కొట్టేవాడక్కా. ఫోన్ల కొడితే బ్యాకప్‌లగూడ పోతయ్. ఎంత చెప్పినా వినలే."

వాళ్ల వెనక నిలబడి పగలబడి నవ్వాను. ఇద్దరూ తిరిగి చూడలేదు.

ఉమ మెల్లకన్ను ఫోటో మీద వేలు పెట్టింది. "ఇదే ఫ్రేము కట్టించరా. రేపు పెద్దకర్మకొచ్చిన వాళ్లు ఏమనుకుంటే నాకేం?" అని బావురుమంది.

మొదటిసారి మొహం తిన్నగా పెట్టి ఆమె ఎదుటికొచ్చి నిలబడ్డాను. ఆమె చూపు నాలోంచి దూసుకుపోయి, గోడకు కొత్తగా కొట్టిన మేకు మీద ఆగింది.