కొట్టేసిన పద్నాలుగు వరుసలు

నీటిమట్టం రిజిస్టర్లు చేతికివ్వడానికి ముందు పెద్దాయన ఆ అమ్మాయిని మెట్లు దింపి నది ఒడ్డున నిలబెట్టాడు.

వంతెన స్తంభం మీద తెల్లరంగు వేసి, నల్లగీతలు గీసిన స్కేలుంది. నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చదవమన్నాడు.

ఆమె ఒక్క చూపు చూసి చెప్పేసింది.

"అల పైకొచ్చినప్పుడు చదివావమ్మా. మూడు అలలు పోనీ. పైకెంత పోయిందో, కిందికెంత దిగిందో చూసి మధ్యది చెప్పు."

ఆమెకు ఒళ్ళు మండింది. తను ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది. థీసిస్ ఇవ్వడానికి మూడు నెలలే గడువు. ముప్పై ఏళ్ళలో ఈ నది ఎలా మారిందో తేల్చాలి. దానికి కావలసింది ఈయన రాసిన రిజిస్టర్లు కానీ, ఈయన పాఠాలు కాదు. రోజుకు మూడుసార్లు మెట్లు దిగి మూడు అంకెలు రాసుకొచ్చే మనిషి, అంతేగా.

నిజానికి ఆమె థీసిస్ ప్రణాళికలో మొదటి వారమంతా ఇక్కడే గడపాలని ఉంది. గైడ్ మేడం పట్టుబట్టి రాయించింది. అంకె ఎలా పుడుతుందో చూడకుండా దాని మీద చెయ్యి వెయ్యకూడదంటుంది ఆవిడ.

ఆ వారాన్ని అమ్మాయి ఒక పూటలో ముగించేసింది. మధ్యాహ్నానికల్లా పేజీలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసుకుంది.

బీరువాకు తాళం వేస్తూ పెద్దాయన అడిగాడు.

"ఏమైనా అడగాలా అమ్మా? ఏ ఏడాదిదైనా సరే, నాకు గుర్తే."

"అన్నీ ఇందులో ఉన్నాయిగా బాబాయిగారూ."

"అన్నీ పట్టవమ్మా ఆ గళ్ళల్లో," అని నవ్వాడాయన.

అప్పటికే ఆమె బస్సు టైము చూసుకుంటోంది.

డిపార్ట్‌మెంట్‌లో కూర్చుని అంకెలన్నీ కంప్యూటర్‌కెక్కించింది. ఇరవై ఏళ్ళ కిందటి పెద్ద వరద దాకా పని సాఫీగానే సాగింది.

ఆ రోజు తెల్లవారుజామున అయిదు నుంచి సాయంత్రం ఆరు దాకా, గంటకొకటి చొప్పున పద్నాలుగు అంకెలున్నాయి. గ్రాఫ్ గీసి చూస్తే మామూలు రోజుల గీత కూడా కాస్తో కూస్తో వణుకుతోంది. నది ఒళ్ళు తెలియకుండా పొంగిన రోజు గీత మాత్రం నున్నగా, దారం పట్టి గీసినట్టుంది.

పక్కసీటు స్నేహితురాలు తొంగి చూసింది.

"కుర్చీలోంచి లేవకుండా రాసుంటాడే మీ బాబాయి. టీ తాగుతూ."

ఇద్దరూ నవ్వుకున్నారు. చదువుకున్నవాళ్ళకు అనుమానం చప్పున వస్తుంది. వెళ్ళి అడగాలన్న బుద్ధి మాత్రం నడిచొస్తుంది.

ఆ పద్నాలుగు వరుసలూ కొట్టేసింది. 'ఊహించి రాసినవి, నమ్మదగినవి కావు' అని కింద ఒక వాక్యం కూడా తగిలించింది. రాశాక తనే మెచ్చుకుంది.

మేడం ఆ పేజీ దగ్గర ఆగిపోయింది. తిట్టే మనిషి కాదు. తిట్టినా బాగుండేది.

"ముప్పై ఏళ్ళలో పెద్ద వరద ఇదొక్కటే. దీన్ని తీసేస్తే నీ థీసిస్‌లో మిగిలేదేమిటి?"

"అవి తప్పుడు అంకెలు మేడం. గ్రాఫే చెబుతోంది."

"రాసినాయన్ని అడిగావా?"

"లేదు మేడం."

"అడిగి రా. ఊహించి రాశానని ఆయనంటే సంతకం పెడతాను. ఏ సంగతీ తేలకపోతే ఈ సెమిస్టర్‌కి నీ థీసిస్ లేనట్టే."

మర్నాడు మొదటి బస్సుకే బయలుదేరింది. సెమిస్టర్ పోతే ఇంట్లో ఏం చెప్పాలో దారి పొడవునా వల్లె వేసుకుంది.

మెట్ల మీద పెద్దాయన లేడు. ముప్పై అయిదేళ్ళావిడ ఒకరు స్కేలు చూసి పుస్తకంలో రాసుకుంటోంది.

పెద్దాయన కోసం వచ్చానంటే ఆవిడ తల తిప్పకుండానే చెప్పింది. ఆయన ఆవిడ తండ్రట. పోయి నెల దాటిందట. కొత్త మనిషిని వేసేదాకా ఈ పని తను చూస్తోందట.

అమ్మాయి ఎలా మొదలుపెట్టాలో తెలియక నసిగింది. గ్రాఫ్ కాగితం తీసి చూపించింది. 'నమ్మదగినవి కావు' అని రాసిన పేజీ మాత్రం సంచిలోనే ఉంచేసింది.

ఆవిడకు అర్థమైంది. కోప్పడలేదు. కాగితం మీద వేలితో ఆ గీత వెంట మెల్లగా పోయింది.

"ఆ రోజు తెల్లారేసరికే ఈ స్కేలు మునిగిపోయింది. వంతెన మీదికి కూడా ఎవర్నీ రానివ్వలేదు."

మేడం సంతకం అమ్మాయి కళ్ళ ముందు కదిలింది.

"అంటే... ఊహించే రాశారన్నమాట."

ఆవిడ కాదన్నట్టు తలూపి, గట్టు దిగువన గడ్డి మొలిచిన ఖాళీ స్థలం చూపించింది.

"అక్కడ మా ఇల్లుండేది. కట్టేటప్పుడే నాన్న తాపీమేస్త్రీ చేత మట్టం చూసే నీళ్ళగొట్టం పట్టించి, ఈ స్కేలు గీతల్ని సరిగ్గా అదే మట్టానికి లోపలి గోడ మీద, పైకప్పు దాకా పొడిగించి గీయించాడు. అందరూ పిల్లల ఎత్తు గీసుకునే గోడ మీద ఈయన నది ఎత్తు గీసుకున్నాడని అమ్మ సణుగుతుండేది."

కాగితం మడిచి అమ్మాయి చేతిలో పెట్టింది.

"నాలుగు గోడల మధ్య నీళ్ళకు అలలుండవు కదమ్మా, అందుకే నీ గీత వణకలేదు. మమ్మల్ని లారీ ఎక్కించి పంపేసి, కింది పేటలవాళ్ళంతా ఖాళీ చేసేదాకా నాన్న ఆ అంకెలన్నీ గట్టు మీద రాసుకునేవాళ్ళకు కేకేసి చెప్పింది, మునిగిపోతున్న మా ఇంట్లో నిలబడే."