వినబడితే పలుకు

"అమ్మాయ్, నువ్వెళ్ళి ఆ తోట చివరి గదిలో తలుపేసుకుని నిలబడు. నేను వంటింట్లోంచి పిలుస్తాను. వినబడితే పలుకు" అన్నారు అత్తగారు.

కొత్తకోడలు బెదురుగా భర్త వైపు చూసింది. ఈ పరీక్షలోనే కదా ఇప్పటికి మూడిళ్ళు చేజారాయి!

మొదటి ఇంట్లో రెండో పిలుపుకి పలికింది. అత్తగారు పెదవి విరిచారు. ఆలస్యమైనందుకే కాబోలనుకుని, రెండో ఇంట్లో మొదటి పిలుపుకే "ఆఁ" అంది. అదీ నచ్చలేదు. 'ఆఁ' అంటే పొగరనుకున్నారేమోనని మూడో ఇంట్లో "వస్తున్నా అత్తయ్యా!" అని తేనె పూసి మరీ పలికింది. అయినా ఆవిడ తల అడ్డంగానే ఊపారు.

ఆ మూడూ పోతే పోయాయి. ఈ ఇల్లు పోతే మాత్రం తట్టుకోలేదు. ఊరి చివర రెండెకరాల తోటలో ఇల్లు. వంటింటి కిటికీ తెరిస్తే జామకొమ్మ లోపలికి తొంగి చూసింది. కుళాయి తిప్పితే రెండుసార్లు దగ్గి, ఆనక పకపకా నీళ్ళు పోసింది. వసారాలో ఎండ పడ్డ గచ్చు మీద చెప్పులు విప్పి పాదం పెడితే ఆ వెచ్చదనం మోకాళ్ళ దాకా పాకింది. ఎక్కడికో తీసుకెళ్ళబోయి, దారి తప్పి ఇక్కడికి తీసుకొచ్చిన బ్రోకరుకి మనసులోనే దండం పెట్టుకుంది.

ఆ బ్రోకరే ఇప్పుడు గేటు దగ్గర్నుంచి తొందర పెడుతున్నాడు. "త్వరగా తేల్చండమ్మా! ఇంకో పార్టీ బయల్దేరిందట. వాళ్ళొస్తే నేనేం చేయలేను."

"మీ అమ్మగారికి కోడలు కావాలా, కాలింగ్ బెల్లు కావాలా?" అంది భర్త చెవిలో.

"ఉష్! పిలిస్తే పలక్కపోతే అమ్మ ఊరుకోదు. చిన్నప్పుడు నన్ను పిలిస్తే పక్కింటి పిల్లలు కూడా పలికేవాళ్ళు" అన్నాడతను. అంతలో అతని మొహం వెలిగింది. "ఫోను గుప్పిట్లో పట్టుకో. అమ్మ నోరు తెరవగానే మిస్డ్ కాల్ ఇస్తా. పరిగెత్తుకొచ్చెయ్."

"మోసం కదండీ?"

"మోసం కాదు, కాపురం."

తోట చివరి గదిలోకెళ్ళి తలుపేసుకుంది. చెవులు రిక్కించింది. పిట్టల గోల తప్ప ఏమీ లేదు. ఇంతలో గుప్పిట్లో ఫోను వణికింది. అంతే, చున్నీ నడుముకి చుట్టి లంకించుకుంది పరుగు. నిమ్మచెట్ల మధ్య తిరుగుతున్న మామగారు ఉలిక్కిపడ్డారు.

"ఏమిటమ్మా? పామా?"

"పిలుపు మామయ్యా!" అని ఆగకుండానే అరిచి, రొప్పుతూ వంటింటి గడపలో వాలింది. "పిలిచారా అత్తయ్యా?"

అత్తగారు తెల్లబోయారు. "వినిపించిందా?"

"గంట కొట్టినట్టు! మీరు పిలవడమేమిటి, ఇక్కడ గ్లాసు కింద పెట్టినా అక్కడికి వినిపిస్తుంది!"

ఆవిడ మొహం వాడిపోయింది. "అంత దూరం కూడా వినిపిస్తే ఇక లాభం లేదు" అని గొణిగి, గేటు వైపు తిరిగారు. "బ్రోకరు గారూ, ఈ ఇల్లు మాకొద్దు. వచ్చేవాళ్ళకే ఇచ్చెయ్యండి."

కొత్తకోడలు ఏడుద్దామనుకునేలోపే అత్తగారి కళ్ళల్లో నీళ్ళు కనిపించాయి. ఆవిడ ఆ జామకొమ్మని ఒకసారి నిమిరి వదిలేశారు. ఆవిడకీ ఈ ఇల్లు ఇంత నచ్చిందా? ఆ దిగులు చూశాక ఇక అబద్ధం నాలుక మీద నిలవలేదు. వెనక నుంచి భర్త వద్దు వద్దని చేతులూపుతూనే ఉన్నాడు.

"అత్తయ్యా, నన్ను తిట్టినా సరే. నాకేం వినిపించలేదు. ఈయన ఫోను చేస్తే పరిగెత్తుకొచ్చాను."

"ఏమీ వినిపించలేదా?"

"ఒట్టు! మీరు గొంతు చించుకున్నా అక్కడికి చేరదు."

అత్తగారు కొడుకు వైపోసారి గుర్రుగా చూశారు. మరుక్షణం కోడలి రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. "ఆ మాట ముందు చెప్పవేమే! ఏవండీ బ్రోకరు గారూ, ఇల్లు మాదే! ఆ రెండో పార్టీని దారిలోంచే వెనక్కి పంపించెయ్యండి!"

కొత్తకోడలికి అప్పటికి అర్థమైంది. అద్దె ఫ్లాట్లో తమ గదికీ అత్తగారి గదికీ మధ్య ఒక్కటే గోడ. రాత్రిళ్ళు నవ్వొస్తే ఇద్దరూ మొహానికి దిండు అడ్డం పెట్టుకోవాల్సిందే. అంటే ఈవిడ ఇన్నాళ్ళూ వెతుకుతున్నది కోడలు పలికే ఇల్లు కాదు, కోడలి నవ్వు ఎవరికీ వినబడని గది! కాలింగ్ బెల్లని వెక్కిరించినందుకు నాలుక కరుచుకుంది. ఇలాంటి అత్తగారు ఎంతమందికి దొరుకుతారు? వంగి ఆవిడ భుజం మీద తల ఆన్చింది.

"మా గది కోసం ఇంత తాపత్రయపడ్డారా అత్తయ్యా? ఈ మేలు ఎలా మర్చిపోతాను?"

అత్తగారు నిమ్మచెట్ల వైపు దొంగచూపు ఒకటి విసిరి, కోడలి చెవి దగ్గరికొచ్చారు.

"మీ గదెక్కడే పిచ్చిమొహమా, అది మాకు! నువ్వు కాపురానికొచ్చినప్పట్నుంచీ, కోడలు వింటుందని సిగ్గుపడి మీ మామయ్య రాత్రిళ్ళు నాకు పాటలు పాడటం మానేశారు."