ముక్కు పైకెత్తిన బండి

"డాడీ, మన కార్ ఆకాశం చూస్తోంది," అంది నళిని.

కొండల్ రావు తిరిగి చూశాడు.

ట్రైలర్ తగిలించగానే స్టేషన్ వ్యాగన్ వెనక భాగం నేలకి కూలబడింది. ముందు భాగం అరోరా ఊరినంతటినీ చిన్నచూపు చూస్తూ ముక్కు పైకెత్తింది. ఇంకాస్త ఎత్తితే షికాగో విమానాశ్రయం వాళ్లు ఫోన్ చేసి ఏ ఫ్లైట్ అని అడిగేలా ఉంది.

ఇలా కాకూడదనేగా, ట్రైలర్ తగిలించడానికి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కొన్నది! మామూలు హిచ్ అయితే ట్రైలర్ ముక్కు బరువంతా కారు తోక మీదే పడుతుంది. దీనికి రెండు ఉక్కు బద్దలుంటాయి. వాటిని గొలుసులతో బిగిస్తే ఆ బరువులో కొంత కారు ముందు చక్రాలకీ, కొంత ట్రైలర్ చక్రాలకీ వెళ్తుంది. కాకపోతే బద్దలు ముక్కు బరువుకి తగినవి కొనాలి. కొండల్ రావు లెక్క కట్టి మరీ కొన్నాడు. అతని లెక్క తప్పదని ఇంట్లో ఒక నమ్మకం. ఆ నమ్మకం ఎక్కువగా అతనిదే.

"గొలుసు ఇంకో లింకు బిగించు," అన్నాడు దామోదర్. కాలేజీ నాటి స్నేహితుడు. అతని భార్యాపిల్లలు కూడా ఈ బండిలోనే ఎల్లోస్టోన్ బయల్దేరాలి.

బిగించారు. బద్దలు రెండూ విల్లులా వంగాయి. కారు మాత్రం లేవలేదు.

"ఒరే కొండలూ, ముందు చక్రాలు సరిగ్గా ఆనకపోతే స్టీరింగ్ ఎటు తిప్పినా ఒకటే. ఇది సరయితే వస్తాం. లేకపోతే ట్రిప్ క్యాన్సిల్."

"క్యాన్సిలా!" నళిని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అసలు ముక్కు బరువు ఎలా తూచావ్?" అడిగాడు దామోదర్.

"మా బాత్రూం తూకం మిషన్ మీద. ఇటు ఇటుక, అటు మిషన్, మధ్యలో అడ్డంగా దుంగ. దుంగ మీద, ఇటుక వైపు మూడో వంతులో, ట్రైలర్ ముక్కు. వచ్చిన అంకెని మూడుతో హెచ్చవెయ్యడం. పద్ధతే అది."

"మిషన్ కరెక్టేనా?"

కొండల్ రావుకి రోషం వచ్చింది. "ఆర్నెల్లుగా నన్ను తూస్తోందిరా అది! ముప్పై పౌండ్లు తగ్గాను తెలుసా?"

దామోదర్ అతని చొక్కా గుండీల వంక చూశాడు. అవి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వేలాడుతున్నాయి.

"తగ్గింది నువ్వా, నీ చొక్కానా?"

"డ్రయ్యర్‌లో వేస్తే బట్టలు కుంచించుకుపోతాయి. ఈ దేశంలో డ్రయ్యర్లు అంతే."

నిజానికి ఆ ముప్పై పౌండ్లు ఆ ఇంటి పరువు. డాక్టర్ బెదరగొట్టిన రోజునే వసుమతి మొగుడికి పుల్కాల షరతు పెట్టింది. శనివారం శనివారం తూకం. పొట్ట అడ్డం కాబట్టి అంకె నళిని చదివేది. బరువు తగ్గితే ఆ వారం అన్నం, నెయ్యి. తగ్గకపోతే పుల్కాలు. దేవుడి దయవల్ల ఒక్క వారం కూడా పుల్కాల దాకా రాలేదు.

వసుమతి తల్లి బాలమణి కాకినాడ నుంచి దిగిందీ అప్పుడే. పాతకాలపు మనిషి. అల్లుడి ఎదుట పడదు, పలకదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచి కూతురికి చెబుతుంది. శుక్రవారం వస్తే ఇంట్లో మిషన్లన్నీ తుడిచి బొట్టు పెడుతుంది. వాషర్‌కి, టోస్టర్‌కి కూడా. తూకం మిషన్‌కైతే అద్దం మీద, సరిగ్గా సున్నా దగ్గర, రూపాయి కాసంత కుంకుమ.

కొండల్ రావు ట్రైలర్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "లెక్క తప్పదు. నేను తూచాక బరువు పెరిగింది. ఎవరో నాకు చెప్పకుండా ముందు అరలో ఏదో పెట్టారు." చూపు ఇంటి తలుపు మీద ఆగింది. జాలీ వెనక తెల్లచీర కదిలింది. "వసూ, మీ అమ్మ రుబ్బురోలు పెట్టింది."

"అమెరికాలో రుబ్బురోలేంటండీ!"

"కాకినాడ నుంచి తెచ్చే ఉంటుంది. ఎయిర్‌పోర్ట్‌లో ఆవిడ పెట్టె మొయ్యడానికి నలుగురు కావలసొచ్చింది!"

వసుమతి మొహం ఎర్రబడింది. "అయితే సామానంతా దింపండి. రోలు దొరికితే నేనే ట్రిప్ మానేస్తా. దొరక్కపోతే అందరి ముందూ మా అమ్మకి క్షమాపణ చెప్పాలి."

దింపాడు. కుక్కర్లు, దుప్పట్లు, బియ్యం, ఇస్త్రీ పెట్టె వాకిలంతా పరుచుకున్నాయి. గరాజ్ సేల్ అనుకుని పక్కింటావిడ వచ్చి ఇడ్లీ పాత్ర ఎంత అని అడిగింది. బాలమణి మూటలో రెండు చీరలు, ఒక జపమాల, అల్లుడి కోసం చేసిన సున్నుండల డబ్బా. అంతే.

రోలు లేదు. ఖాళీ ట్రైలర్ తగిలించినా కారు తోక పూర్తిగా లేవలేదు.

సున్నుండల డబ్బా చూసేసరికి కొండల్ రావుకి సిగ్గేసింది. తలుపు దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"అత్తయ్యగారూ, పెద్దవారు మీరు. మీ మీద లేనిపోని నింద వేశాను. తప్పు నాదే. నా లెక్కే ఎక్కడో..."

ఊపిరి గట్టిగా పీల్చాడు. చొక్కా గుండీ ఒకటి తెగి, దొర్లుకుంటూ దామోదర్ బూటు దగ్గర ఆగింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

వసుమతి నోరు తెరిచింది. దామోదర్ చేతిలో రెంచి జారిపోయింది. కూతురి పెళ్లయిన పన్నెండేళ్లలో మొదటిసారి బాలమణి తలుపు చాటు దాటి వచ్చి అల్లుడి ముందు నిలబడింది. కొంగు భుజాల నిండా లాక్కుంది. ఇటుక పక్కన పడి ఉన్న తూకం మిషన్ వైపు ఒకసారి చూసి, తల దించుకుంది.

"శుక్రవారం శుక్రవారం దాని ముల్లు వెనక్కి తిప్పుతున్నది నేనే, అల్లుడుగారూ."