పెద్దాయన పిలిచిన మనిషి

“పాస్టరంటాండాడు!” అంది సుశీలమ్మ, మొగుడి నోటి దగ్గర నుంచి చెవి తీసి.

“అమ్మా, నాయనకు మాటే సరిగ్గా రాల్యా. నీకట్ల వినపడిందంతే. పక్కకు జరుగు, కార్లో ఏసుకొని పోదాం,” అన్నాడు కొడుకు పాల్ రాజు.

వసారాలో నవారు మంచం మీద పాలయ్య పడి ఉన్నాడు. ముప్పై ఏళ్లు బస్సు తోలి రిటైరైన మనిషి. పొద్దున టీ గ్లాసు చేతిలోంచి జారేదాకా బాగానే ఉన్నాడు. ఇప్పుడు కుడి చెయ్యి లేవదు, కుడి కాలు కదలదు, మూతి ఒక పక్కకు లాగేసింది. మాట నాలుక దాకా నిండుగానే వచ్చి, పెదవి దాటేసరికి ముక్కలైపోతోంది. ప్రొద్దుటూరు ఆసుపత్రికి ఫోను చేస్తే, “పక్షవాతం లాగుంది. ఎంత తొందరగా తెస్తే అంత మనిషి మిగుల్తాడు” అన్నాడు డాక్టరు. అంబులెన్సు ఇంకో కేసు మీద పోయింది. వాకిట్లో పాల్ రాజు కారు తలుపులు బార్లా తెరుచుకొని కాచుకొని ఉంది.

పాల్ రాజు తండ్రి చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. పాలయ్య ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకున్నాడు. లాగినా వదల్లేదు.

“పా... చర్,” అన్నాడు. ఆ చెయ్యే ఎత్తి వాకిలి వైపు చూపించి, మళ్లీ పట్టె పట్టుకున్నాడు.

ఆ దిక్కున, ఇళ్ల కప్పుల మీదుగా చర్చి శిలువ కనపడుతోంది.

“చూడు, చర్చి చూపిస్తాండాడు! నువ్వు చెవిటోనివే అనుకుంటి, గుడ్డోనివి కూడానా?” సుశీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. “ఆయనకు తెలిసిపోయింది రా. ప్రార్థన లేకుండా గడప దాటడు.”

“ఇట్లాంటప్పుడు పాస్టర్ను పిలిస్తే ఏమని అర్థమో నీకు తెల్దా మా? నేను పిలవను. మా నాయన యాడికీ పోవడం ల్యా, ప్రొద్దుటూరికి తప్ప!”

ప్రాణం ప్రొద్దుటూరంటోంది, అమ్మ ప్రార్థనంటోంది. మధ్యలో పాల్ రాజుకు పాలుపోలేదు.

“మనిషి నోరు తెరిచి అడిగినంక కాదనగూడదు పాలూ,” అంది పక్కింటి గుల్జార్‌బీ. “చర్చి రెండు సందుల అవతలేగా. నేను పిల్చకొస్తా, నువ్వుండు.”

పది నిమిషాల్లో పాస్టర్ జకరయ్య వచ్చాడు. ఆయన వెనకే సగం వీధి వచ్చింది. పాస్టర్ పాలయ్య నుదుటి మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టాడు. పాలయ్య తల అడ్డంగా ఆడించాడు.

“స్... స్... స్...” అన్నాడు.

“స్తోత్రం అంటాండాడు!” సుశీలమ్మ భోరుమంది.

ఆడవాళ్లంతా స్తోత్రం, స్తోత్రం అని అందుకున్నారు. పాలయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎడమ చేత్తో పాస్టర్ రొమ్ము మీద ఒక్కటి చరిచాడు. “పా... చర్!”

“వచ్చినా పాలన్నా, ఈడనే ఉండా,” అన్నాడు జకరయ్య.

పాలయ్య ఆయన వైపు, రోడ్డుకు అడ్డంగా పడుకున్న బర్రెను చూసినట్టు చూశాడు.

“ఏందో చెప్పుకోవాలని ఉంది పెద్దాయనకు. మీరంతా రవ్వంతసేపు వీధిలోకి పోండి,” అన్నాడు జకరయ్య మెల్లగా.

అందరూ వీధిలోకి వెళ్లి నిలబడ్డారు. పాల్ రాజు గడియారం చూసుకున్నాడు. అరగంట. ప్రొద్దుటూరు ఆసుపత్రి మెట్ల మీద ఉండాల్సిన టైము. ఒంటరిగా చెప్పుకునేంత పాపం నాయన ఏం చేసుంటాడు? ముప్పై ఏళ్లలో ఒక కోడిపిల్లను కూడా తొక్కించని మనిషి. అమ్మ మాట వినకుండా ఎత్తుకొని పోయుంటే?

జకరయ్య వసారా మెట్లు దిగాడు. మొహం బిగుసుకుపోయి ఉంది. ఎవరి వైపూ చూడలేదు. పాల్ రాజు భుజం పట్టి పక్కకు జరిపి, కారు వెనక్కి పోయి, దుమ్ములో మోకాళ్లూని, తల వంచేశాడు.

సుశీలమ్మ చూసింది. నిలబడిన చోటనే కూలబడి మోకరిల్లింది. ఆమె వెనక ఒకరు, వాళ్ల వెనక ఇంకొకరు, వీధి వీధంతా మోకాళ్ల మీదికి వచ్చింది. గుల్జార్‌బీ కొంగు తల మీదికి లాక్కొని రెండు అరచేతులూ పైకి తెరిచింది.

పాల్ రాజు కూడా మోకాళ్ల మీద పడి, “ప్రభువా, నేనే ఆలస్యం చేస్తి... నేనే...” అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

జకరయ్య వేలు నోట్లో పెట్టి తడి చేసుకున్నాడు. ఆ తడి వెనక చక్రానికి రాశాడు. అక్కడ చిన్న బుడగ ఒకటి లేచి పగిలింది. ఇంకొకటి లేచింది.

“పాలూ, ఏడ్చేది ఆపి జాకీ తీయప్పా. స్టెప్నీ దించు,” అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఆయన వెనక్కి తిరిగి, మోకరిల్లిన వీధిని చూసి, గబుక్కున లేచి నిలబడ్డాడు.

“లేయండమ్మా, లేయండి, ఇది ప్రార్థన కాదు! పాలన్న అడిగింది పాస్టర్ను కాదు, పంచరాయన్ని. ఈ చక్రంలో గాలి స్స్‌మని పోతాంది, బండి ప్రొద్దుటూరు చేరదు అని ఆ మనిషి అరగంటగా మొత్తుకుంటాంటే, మనమేమో ఆయన గాలే పోతాందని మోకాళ్లేస్తిమి!”