తొమ్మిది లక్షల మంది చూసిన ఏడుపు

"కేసు గట్టిగా ఉంది" అన్నాడు వకీలు, చెవిలోంచి ఇయర్‌ఫోన్లు తీసి.

దాలమ్మ ముఖం విప్పారింది. కొడుకు నాగేంద్రబాబు మాత్రం ఫోను చటుక్కున లాక్కుని జేబులో వేసుకున్నాడు.

అందులో ఉన్నది దాలమ్మ ఏడుపే. పోయిన ఆదివారం ఆమె ఈ హిందీ ఊళ్లో, భుయ్యాడీహ్ బజారులో కూరలు బేరమాడుతుంటే సౌరభ్ అనేవాడు ప్లాంటు పనివాడిలా హెల్మెట్ పెట్టుకుని పరుగున వచ్చాడు. "మాతాజీ, మీ అబ్బాయి స్టీలు ప్లాంటులోనే కదా? క్రేను మీంచి పడిపోయాడు!" అన్నాడు. దాలమ్మ నడిరోడ్డు మీద కూలబడి తెలుగులో శోకాలు పెట్టింది. రెండు నిమిషాలు పోయాక వాడు పళ్లికిలించి, టమాటా బుట్టల చాటున దాచిన కెమెరా చూపించాడు. ఇప్పటికి తొమ్మిది లక్షల మంది చూశారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా విరగబడి నవ్వారు. సిగ్గులేని జనం!

"రోడ్డు మీద తీశాను, తప్పేంటి అంటాడు వాడు" అన్నాడు వకీలు. "రోడ్డయితే మాత్రం? అబద్ధం చెప్పి ఏడిపించి, అడక్కుండా ఊరందరికీ చూపించే హక్కు ఎవడిచ్చాడు? కోర్టుకి లాగుదాం. అమ్మ మాటలన్నీ హిందీలో రాయించి జతచేయాలి. ఇంతకీ ఏమంటోంది?"

"దేవుణ్ని పిలుస్తోంది సార్" అన్నాడు నాగేంద్రబాబు. "కేసు వద్దు. వీడియో తీసేయిస్తే చాలు. ఇవాళే."

"కేసు లేకుండా వాడెందుకు తీస్తాడయ్యా?"

నిజమే. నాగేంద్రబాబు మూడుసార్లు వెళ్లి బతిమాలాడు. "పది లక్షలు దాటనీ భయ్యా" అని నవ్వాడు వాడు.

బయటికి రాగానే దాలమ్మ కొడుకు మీద విరుచుకుపడింది.

"ఏట్రా ఇది? లోకమంతా నన్ను జూసి నవ్వతంటే నీకు పౌరుషం నేదేటి? అంత లోకువైపోనానా?"

"ఊరుకోవే అమ్మా."

"ఊరుకోను. కోర్టుకి నానే వత్తాను. నువ్వు సచ్చిపోనావనుకున్నాన్రా ఆ పూట!"

అతను ఏదో చెప్పబోతుంటే ఫోను మోగింది. సీతారామరావు నుంచి మెసేజి. ప్లాంటులో అతని డిపార్టుమెంటులో ఒక్కగానొక్క తెలుగు ఆఫీసరు ఆయన.

'వీడియో చూశాను. మీ అమ్మగారి మాటలు విన్నాను. రేపు డ్యూటీ ఎక్కే ముందు నా గదికి రా.'

నాగేంద్రబాబు గుమ్మం మెట్టు మీదే కూర్చుండిపోయాడు. ఆ వేళ ఏమని ఏడ్చిందో దాలమ్మకే గుర్తులేదు. అతను తల్లి చెవిలో ఇయర్‌ఫోను పెట్టి వీడియో నొక్కాడు.

పన్నెండేళ్ల కిందట ఉద్యోగంలో చేరకముందే పోయిన అన్న నాగేంద్రబాబు పేరుతో, అతని సర్టిఫికెట్లతో ప్లాంటులో పనిచేస్తున్న చిన్నకొడుకుని, దాలమ్మ నడిబజారులో అసలు పేరు పెట్టి పిలుస్తోంది: "ఒరే అమరూ, మీ అన్న ఎనకాలే నువ్వూ ఎలిపోనావేట్రా నాయినా!"