చల్లగానే ఉందమ్మా

“అక్కా, మంట పుడితే ఏమని చెప్పను?” అనీసా గుసగుసగా అడిగింది.

ఎలీసమ్మ అటూ ఇటూ చూసింది. గుంటూరులోని ఆ చర్మవైద్యశాలలో, బల్ల మీద చివరికి వాళ్లిద్దరే మిగిలారు. ముఖం మీద రంధ్రాలు కనబడకుండా చేసే కొత్త మందట, మూడు నెలలు రాసి చూస్తారట. ఇంకొక్క మనిషే కావాలి. ఆ మూడు నెలలూ మిరపకాయల పనికి పోకూడదు, కూలి మాత్రం వీళ్లే ఇస్తారు.

రంధ్రాల సంగతికొస్తే ఎలీసమ్మ ముక్కు నిండా అట్టు మీద ఉన్నట్టు చిల్లులే. వాటితో ఆమెకేం పేచీ లేదు. పేచీ అంతా దగ్గుతోనే. ఇంకో సీజను మిరప ఘాటు పీలిస్తే ఊపిరితిత్తులు పనికిరావని ఆర్నెల్ల కిందటే పెద్దాసుపత్రిలో చెప్పారు.

ఇరవై ఏళ్లుగా తొడిమలు తీస్తున్న మనిషికి ఒక సంగతి బాగా తెలుసు. మంటన్నవాళ్లను మేస్త్రి మర్నాడు పనికి పిలవడు. నిన్నగాక మొన్న పనిలో చేరిన అనీసాకు అదింకా తెలియదు.

“ఉన్నది ఉన్నట్టు చెప్పు పిల్లా. డాక్టర్ల దగ్గర దాస్తే పాపం,” అంది ఎలీసమ్మ.

అన్నాక సిగ్గేసింది. రోజూ తన డబ్బాలో చెయ్యి పెట్టి అన్నం తినే పిల్ల. అయినా దానికి ఇరవై రెండేళ్లు, గట్టి ప్రాణం, ఎలాగోలా బతుకుతుందిలే అనుకుంది.

నర్సు క్రిస్టీనా వచ్చి ఇద్దరి ముక్కుల పక్కనా దూదితో ఏదో అద్దింది. “ఇది ముందు పరీక్ష. పది నిమిషాలు తుడవకండి.”

రెండో నిమిషానికే అనీసా, “అమ్మో, మండిపోతోంది సిస్టర్!” అంటూ కాళ్లు కొట్టుకుంది. కళ్లమ్మట నీళ్లు. ఎలీసమ్మకూ నిప్పు పెట్టినట్టే ఉంది. పచ్చిమిరపకాయ చీల్చి రుద్దినా ఇంత మండదు. చీర కుచ్చెళ్లు పిడికిట్లో నలుపుతూ, గోడ మీది క్యాలెండరు కేసి చూస్తూ కూర్చుంది.

డాక్టర్ అమూల్య కాగితాలు పట్టుకొచ్చింది. “ఎలీసమ్మగారూ, మీకెలా ఉంది?”

“చల్లగానే ఉందమ్మా.”

“నిజం చెప్పండి. కొంచెం కూడా మంట లేదా?”

“ప్రభువు సాక్షి, లేదమ్మా. ఇంకాస్త రాసినా పర్లేదు.”

అమూల్య రాసుకుంది. క్రిస్టీనా ఇద్దరి ముఖాలూ తడిగుడ్డతో తుడిచింది. సంతకం ఎక్కడ పెట్టమంటారోనని ఎలీసమ్మ ముందుకు జరిగి కూర్చుంది. డాక్టరు కాగితం అనీసా చేతికిచ్చింది.

“రేపట్నుంచి నువ్వు రామ్మా.”

ఎలీసమ్మ చివాల్న లేచింది. “అదేంటమ్మా! అది మంటని ఏడ్చింది గదా! నేను కిక్కురుమన్నానా?”

“మామూలు చర్మం మీద పోయినేడే చూసేశాం,” అంది అమూల్య, పెన్ను జేబులో పెట్టుకుంటూ.

“ఈసారి మాకు మంట పుట్టేవాళ్లే కావాలి.”